మోటారు ఇంజను: గాలి, పెట్రోలుల పాళ్లు



మోటారుబండి దేనితో నడచునని యడిగినచో, పెట్రోలుతో నని చిన్నపిల్లలు సైతము చెప్పుదురు. ఆ మాట సగమే సత్యము. తూకము వేసి చూచినచో ఇంజను మ్రింగు పదార్థములో పెట్రోలు బహు స్వల్పము. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. మన హైదరాబాదు ప్రాంతమున నైనచో, ఒక్క లీటరు పెట్రోలు కాలుటకు ఇంచుమించు పదివేల లీటర్ల గాలి ఇంజనులోనికి పోవలసి యుండును. పెట్రోలునకు వెల యిచ్చుచున్నాము గనుక దానిని లెక్కించుచున్నాము. గాలికి వెల లేదు గనుక దానిని మరచుచున్నాము. ఈ మరపువలన కలుగు నష్టమెట్టిదో, దానిని కొలిచి నివారించు మార్గమేదో నేటి ప్రసంగమున మనవి చేయదలచితిని.

నేను హైదరాబాదునకు ఉత్తరమున, మేడ్చలు పోవు దారిలోని పేట్ బషీరాబాదు ప్రాంతమున ఇంజనులను పరీక్షించి సవరించు వృత్తిలో నున్నవాడను. నాగపూరు వైపు సాగిపోవు 44వ నంబరు జాతీయ రహదారి మా ప్రక్కగనే పోవును. జీడిమెట్ల పారిశ్రామికవాడ మాకు దాపుననే కలదు. కావున కూరగాయల వ్యానులు మొదలుకొని క్రొత్త కార్లవరకు అన్ని తరగతుల బండ్లును మా యొద్దకు వచ్చుచుండును. వచ్చువారందరును అడుగు ప్రశ్న ఒక్కటే: "మైలేజీ ఎట్లు పెరుగును?" దానికి సమాధానము చెప్పవలెనన్న ముందుగా పాళ్ల సంగతి కొంత విశదముగ తెలియవలెను.

మన ఇండ్లలో కిరసనాయిలు దీపము వెలిగించిన కాలము పెద్దలకు జ్ఞాపకముండును. వత్తి మిక్కిలి పైకెత్తినచో మంట పసుపుపచ్చనై, పొగ చిమ్మి, చిమ్నీ నల్లబడును. నూనె ఎక్కువ, గాలి తక్కువ యన్నమాట. వత్తి మిక్కిలి దించినచో మంట చిన్నదై, రెపరెపలాడి ఆరిపోవును. ఇంజనులోనను ఇదియే ధర్మము. పెట్రోలు పాలు హెచ్చిన మిశ్రమమును మెకానిక్కులు రిచ్ అందురు. తగ్గినదానిని లీన్ అందురు. నేను వానిని చిక్కని మిశ్రమము, పలుచని మిశ్రమము అని వ్యవహరింతును. కావలసిన గాలి ఎంతయో, లోపలికి వచ్చిన గాలి ఎంతయో, ఈ రెంటి నిష్పత్తికి లాంబ్డా యని పేరు. సరిసమానముగా నున్నచో లాంబ్డా 1. దానికంటె తగ్గినచో మిశ్రమము చిక్కన, హెచ్చినచో పలుచన.

అట్లయిన ఎల్లప్పుడును 1 ఉండిన చాలునుగదా యని మీరనవచ్చును. ఇంజను అవసరములు వేళకొక విధముగ నుండును. నిండు బరువుతో ఎగువ నెక్కునపుడు అధికశక్తి కావలెను. అప్పుడు లాంబ్డా 0.86 మొదలు 0.9 వరకు ఉండుట మేలు. అందు మిగులు పెట్రోలు ఆవిరియగుచు లోపలి వేడిమిని కొంత లాగివేయును. సమతలమున తేలికగా పోవునపుడు 1.05 ప్రాంతమున నున్నచో పెట్రోలు ఆదాయగును. ఇంకను పలుచన చేసినచో మంట మందముగ సాగి, ఎగ్జాస్టు వాల్వు తెరచుకొను వేళకును ఆరక, వాల్వు అంచును కాల్చివేయును. ఇంకను చిక్కన చేసినచో కాలని పెట్రోలు సిలిండరు గోడల నూనెను కడిగివేయును, ప్లగ్గులు మసిబారును, కార్బను మోనాక్సైడు అను విషవాయువు మెండుగ పుట్టును. ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తమునందలి హీమోగ్లోబినును అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లు మించిన గట్టిదనముతో పట్టుకొనును. మూసియున్న షెడ్డులో ఇంజను నడిపించి మనుష్యులు కూర్చున్నచోటనే ప్రాణములు కోల్పోవుటకు కారణమిదియే.

ఇక గాలి మాట. విశాఖపట్టణపు సముద్రతీరమున వాయుపీడనము సుమారు 1013 మిల్లీబారులు. మన హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల యెత్తున నున్న పీఠభూమి. ఇచ్చట పీడనము 950 ప్రాంతముననే యుండును. అనగా ఇంజను ప్రతి గ్రుక్కకును నూటికి ఆరుపాళ్లు తక్కువ గాలి త్రాగుచున్నదన్నమాట. శక్తియు ఇంచుమించు ఆ మేరకే తగ్గును. పాత కార్బురేటరు గాలియొక్క వేగమును గుర్తించునే గాని దాని బరువును గుర్తింపజాలదు. గాలి బరువు ఆరుపాళ్లు తగ్గినపుడు పెట్రోలు మూడుపాళ్లే తగ్గును. కావున సముద్రతీరమున సరిగా అమర్చిన కార్బురేటరు మేడ్చలు చేరునప్పటికి తనంతట తానే మూడుపాళ్లు చిక్కనగును. ఎండయు ఇట్టి పనియే చేయును. పుష్యమాసపు వేకువను 15 డిగ్రీలున్న గాలికిని, వైశాఖపు మధ్యాహ్నమున 42 డిగ్రీలకు కాగిన గాలికిని బరువులో నూటికి ఎనిమిది తొమ్మిది పాళ్ల భేదము కలదు. బండి అదే, జెట్టు అదే, చోదకుడు నతడే. ఐనను చలికాలమున ఒకరీతి, ఎండకాలమున వేరొకరీతి నడచుటకు ఇది హేతువు.

ఆకాశమున నెగురువారు ఈ ధర్మమును ఎరుగకున్న బ్రదుకలేరు. మాకు సమీపముననున్న దుండిగల్లు వైమానిక దళ శిక్షణాలయమున 2009వ సంవత్సరమువరకు హెచ్.పి.టి. 32 దీపక్ అను పిస్టను ఇంజను విమానములపై ప్రథమ శిక్షణ యిచ్చుచుండిరి. పిస్టను ఇంజనులుగల అట్టి శిక్షణ విమానములలో థ్రాటిలు పిడి ప్రక్కన మిశ్రమపు పిడి వేరుగ నుండుట వాడుక. ఎత్తు పెరిగిన కొలది గాలి తేలికయగును గావున పైలటు ఆ పిడిని లాగి పెట్రోలును తగ్గించును. దిగునపుడు మరల హెచ్చించును. నేలమీది బండికి అట్టి పిడి లేదు. దానికి బదులుగ మిస్త్రీ చేతిలోని స్క్రూ డ్రైవరే గతి.

మన మిస్త్రీలను నేను తక్కువచేసి మాటలాడను. ఈ పీఠభూమిలో 1932 జూను నెలలో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణాశాఖను ప్రారంభించిరి. ఆ కాలమున ఏ పెట్రోలు బండికిని కంప్యూటరు లేదు. చెవితో విని, పొగ వాసన చూచి, ప్లగ్గు విప్పి దాని రంగు చూచి సవరించెడి నేర్పరుల చేతిమీదనే మోటారు వాహనములు నడచినవి. ప్లగ్గు మసివలె నల్లగ నున్నచో చిక్కన. సున్నమువలె తెల్లగ నున్నచో పలుచన. గోధుమవర్ణమున నున్నచో సరి. ఈ విద్య నేటికిని పనికివచ్చును. దీనిని నేర్పిన పెద్దలకు నేను ఋణపడియున్నాను.

ఐనను ఈ విద్యకొక హద్దు కలదు. తిరగలిని చూడుడు. గింజలు వేయక వట్టి తిరగలి త్రిప్పుమన్నచో పసిబాలికయు త్రిప్పును. గుప్పెడు కందులు పోసినపుడుగదా త్రిప్పువారి సత్తువ తెలియును! షెడ్డులో నిలిపిన బండి ఇంజను వట్టి తిరగలి వంటిది. యాక్సిలరేటరు త్రొక్కినంతనే గుఱ్ఱుమని లేచును. దానికి బరువు లేదు. బరువులేని ఇంజను చెప్పు మాటను నమ్మి సవరించుట, వట్టి తిరగలి చప్పుడు విని పిండి మెత్తనిదా యని తీర్పుచెప్పుట వంటిది. పైగా కార్బురేటరులో ఇంజను నిలుకడగ తిరుగునపుడు పెట్రోలు వచ్చు దారి వేరు. బరువు లాగునపుడు వచ్చు దారి వేరు. మొదటిదానికి చిన్న స్క్రూ, రెండవదానికి మెయిన్ జెట్టు. నిలిపిన బండిలో స్క్రూ త్రిప్పినచో రెండవ దారి సంగతి ఏమియు తేలదు.

బరువు పెట్టి కొలుచుటకే డైనమోమీటరు అను యంత్రము కలిగినది. మా వాడుకలో దీనిని డైనో యందురు. దీని చరిత్ర స్వారస్యమైనది. 1821లో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు గాస్పార్ ద ప్రోనీ, తిరుగు చక్రమునకు చెక్కదిమ్మెలు బిగించి, వానికొక పొడవాటి చేతిని తగిలించి, ఆ చేతి చివర తూనికఱాళ్లు వ్రేలాడదీసి ఇంజను బలమును తూచెను. తక్కెడతో బెల్లము తూచినట్లే ఇంజను త్రిప్పుడు బలమును తూచుట అప్పటినుండి సాధ్యమైనది. చెక్క కాలిపోవు నిబ్బంది తొలగింపగోరి 1877లో ఇంగ్లండునందలి విలియం ఫ్రూడ్ నీటితో బరువు కల్పించు బ్రేకును నిర్మించెను. 1931లో అమెరికాలో వింథర్ సోదరులు అయస్కాంతశక్తితో బరువు కల్పించు పద్ధతిని కనిపెట్టిరి. నేటి యంత్రములలో పెక్కింటికి ఇదియే మూలము. తాకిడి లేదు, రాపిడి లేదు. విద్యుత్తు పెంచినచో బరువు పెరుగును, తగ్గించినచో తగ్గును.

కార్లకు వాడు యంత్రములో నేలమట్టమున ఉక్కు రోలర్లుండును. బండిని ఎక్కించి, నడుపు చక్రములను రోలర్లపై నిలిపి, గట్టి పట్టీలతో నలుప్రక్కల బిగింతురు. ఎదురుగ పెద్ద పంకా పెట్టుదురు. ఏలయనగా బండి కదలదు గనుక రేడియేటరుకు గాలి తగలదు. సైలెన్సరు గొట్టమున ప్రాణవాయువును కనిపెట్టు సెన్సరు నొకదానిని దూర్చుదురు. జిర్కోనియా పింగాణీతో చేసిన ఇట్టి సెన్సరును బాష్ కంపెనీవారు 1976లో మొదట కార్లకు అమర్చిరి. అది మిశ్రమము చిక్కనా పలుచనా యను మాట మాత్రమే చెప్పగలిగెడిది. ఎంత చిక్కన, ఎంత పలుచన యను లెక్కగూడ చెప్పు సెన్సరు తరువాత వచ్చినది. పరీక్షకు మే ముపయోగించునది ఈ రెండవ రకము.

లెక్క సులభమే. త్రిప్పుడు బలమును, తిరుగు వేగమును గుణించినచో శక్తి వచ్చును. 100 న్యూటను మీటర్ల బలముతో నిమిషమునకు 5,000 మార్లు తిరుగు ఇంజను సుమారు 52 కిలోవాట్లు, అనగా 70 హార్సు పవరు ఇచ్చుచున్నదన్నమాట. కాని డైనోయొక్క నిజమైన ప్రయోజనము ఈ హార్సు పవరు సంఖ్య కాదని నా యభిప్రాయము. రోడ్డుమీద గాలి మారును, ఎత్తు మారును, బరువు మారును, చోదకుని కాలు మారును. రోలర్లమీద వీని నన్నింటిని ఒక్కచోట నిలిపి, ఒక్కదానిని మాత్రమే మార్చి, ఆ మార్పువలన ఏమి కలిగెనో చూడవచ్చును. మూడువేల వేగమున, సగము థ్రాటిలున, ఇంత బరువున నిలుపుమనిన ఇంజను నిలుచును. అప్పుడు జెట్టు మార్చి మరల అదే స్థితిలో నిలిపి చూతుము. రెండు వస్తువులు ఒకేసారి మార్చినవానికి ఏది మేలు చేసెనో, ఏది కీడు చేసెనో తెలియదు.

ఇట్టి కొలత లేనందున ఒక పేదవాని కెట్టి కష్టము వచ్చెనో చెప్పెదను. మేడ్చలు వైపు పల్లెలనుండి తెల్లవారక మునుపే బోయినపల్లి మార్కెట్టునకు కూరగాయలు చేరవేయు వ్యాను యజమాని యొకడు మా యొద్దకు వచ్చెను. వ్యాను పాతది, కార్బురేటరు బండి. దానిమీదనే అతని సంసారము జరుగుచున్నది. "సార్, మైలేజీ పడిపోయిందని జెట్టు చిన్నది ఏపిచ్చిన. కొన్ని దినాలు మంచిగనే ఉండె. ఇప్పుడు లోడు మీద గుంజుత లేదు, ఊకె వేడెక్కుతున్నది" అని చెప్పుకొనెను. జెట్టు మార్చినవాడెవ్వడో నేనడుగలేదు.

సిలిండర్లలోని ఒత్తిడి కొలువగా, ఒకదానిలో మిగిలినవానికంటె చాల తక్కువ వచ్చినది. హెడ్డు విప్పినచో ఆ సిలిండరు ఎగ్జాస్టు వాల్వు అంచు చెదలు తిన్నట్లు కాలి యున్నది. వాల్వు మార్చి, అమరిక చేసి, బండిని రోలర్ల మీదికి ఎక్కించితిమి. అతడు వేయించిన జెట్టు 95 నంబరు. అనగా రంధ్రము మిల్లీమీటరులో నూటికి 95 వంతుల వెడల్పు. దానితో నిండు బరువున కొద్ది క్షణములు మాత్రమే నిలిపి చూచితిమి. లాంబ్డా 1.06 వచ్చినది. ఎగువ నెక్కు బండికి ఉండదగిన పలుచదనము కాదది. బండితో మొదట వచ్చిన 100 నంబరు జెట్టు పెట్టితిమి. 0.96 వచ్చినది. ఇదియును కొంచెము పలుచనయే. అప్పుడు 102.5 నంబరు పెట్టగా 0.91 వచ్చినది. రోలర్లమీద లాగుడు కుదుటబడి, వేడిమి తగ్గినది.

శ్రోతలలో కొందరికి సందేహము కలుగవచ్చును. కంపెనీవారు అమర్చిన 100 నంబరు జెట్టే పలుచన ఎట్లయ్యెను? బండి యెత్తయిన ప్రదేశమునకు వచ్చినచో చిక్కన యగునని ఇంతకుముందే చెప్పితినిగదా! ఇందలి రహస్యము పెట్రోలులో నున్నది. మన దేశమున పెట్రోలునందు ఇథనాలు కలుపుట క్రమముగ హెచ్చి, 2025వ సంవత్సరమునాటికి నూటికి 20 పాళ్లకు చేరినది. ఇథనాలు తన లోపలనే కొంత ప్రాణవాయువును మోసికొనివచ్చు పదార్థము. కావున దానికి గాలి తక్కువ చాలును. శుద్ధమైన పెట్రోలు కిలోకు 14.7 కిలోల గాలి కావలసియుండగా, ఇథనాలు కిలోకు 9 కిలోలే చాలును. నూటికి 20 పాళ్లు కలిసిన పెట్రోలునకు సుమారు 13.5 కిలోలు చాలును. శుద్ధమైన పెట్రోలునకై అమర్చిన జెట్టుగుండ ఈ క్రొత్త పెట్రోలు పోయినపుడు మిశ్రమము నూటికి ఎనిమిదిపాళ్లు పలుచనగును. పీఠభూమి మూడుపాళ్లు చిక్కన చేసినది. ఇథనాలు ఎనిమిదిపాళ్లు పలుచన చేసినది. లెక్క తీసివేయగా మిగిలినది పలుచదనమే.

మైలేజీ పడిపోవుటకును కారణమిదియే. లీటరు ఇథనాలులోని ఉష్ణశక్తి లీటరు పెట్రోలులోని దానిలో మూడింట రెండువంతులు మాత్రమే. నూటికి 20 పాళ్లు కలిపినచో లీటరుకు ఏడుపాళ్ల శక్తి తగ్గును. ఆ తగ్గుదలను యజమాని గమనించెను. అది సత్యమే. కాని దానికి మందు జెట్టు చిన్నది చేయుట యని ఎవరో నిర్ణయించిరి. ఇప్పటికే పలుచనైయున్న మిశ్రమమును ఇంకను పదిపాళ్లు పలుచన చేసిరి. ఆకలితో నీరసించినవానికి లంఖణములు విధించినట్లయ్యెను. లీటరు పెట్రోలు ఆదా చేయబోయి, హెడ్డు విప్పిన ఖర్చును, మార్కెట్టునకు పోలేని దినముల కూలియును అతడు పోగొట్టుకొనెను.

ఇందులో మరియొక వింత కలదు. ఆ బండికి పొల్యూషను సర్టిఫికెట్టు సక్రమముగనే యున్నది. అందు దొంగతన మేమియు లేదు. పాత నాలుగు చక్రముల పెట్రోలు బండ్లకు నిలుకడ స్థితిలో కార్బను మోనాక్సైడు నూటికి 3 పాళ్లు మించరాదని హద్దు. తరువాతి బండ్లకు హద్దు తగ్గుచు వచ్చి, భారత్ స్టేజి 4 మొదలు 0.3 అయ్యెను. ఈ పరీక్ష బండిని నిలిపి చేయునది. నిలుకడలో పెట్రోలు చిన్నదారిని వచ్చునని చెప్పియుంటిని. మెయిన్ జెట్టు ఎంత పలుచనయైనను ఆ పరీక్షలో తెలియదు. ధూమపరీక్ష నగరపు గాలిని కాపాడుటకు ఏర్పడినది. అందులకు అది తగినదే. ఇంజను క్షేమమునకు అది హామీ కాదని యజమానులు తెలిసికొనవలెను.

క్రొత్త బండ్ల సంగతి యేమందురా? 1995 ఏప్రిల్ 1వ తేదీనుండి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు క్యాటలిటిక్ కన్వర్టరు విధింపబడినది. సీసము కలిసిన పెట్రోలు కన్వర్టరును చెరచును గనుక, 2000 ఫిబ్రవరి 1 నాటికి దేశమంతటను సీసములేని పెట్రోలే అమ్మకములోనికి వచ్చెను. కన్వర్టరు మూడు విధములైన విషములను ఒక్కసారి హరింపవలెనన్న లాంబ్డా 1కి బహు సమీపముననే యుండవలెను. ఇంత సూక్ష్మమైన పాలనము కార్బురేటరునకు సాధ్యము కాదు. అందుచేత సెన్సరులును, కంప్యూటరును, ఇంజెక్టరులును వచ్చినవి. 2020 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చిన భారత్ స్టేజి 6 ప్రకారము ద్విచక్రవాహనములకు సైతము ఇది తప్పనిసరి యయ్యెను. ఇట్టి బండిలో కంప్యూటరు గాలి బరువును, వేడిమిని, సెన్సరు చెప్పు మాటను క్షణక్షణము విచారించి పెట్రోలును దిద్దుకొనును. పీఠభూమియైనను, ఎండయైనను, ఇథనాలైనను చాలవరకు తానే సవరించుకొనును. అట్టి బండిలో మిశ్రమము చెడినదన్న, ముందుగ గాలి ఫిల్టరు, ఇంజెక్టరు, సెన్సరు, పగిలిన గొట్టము మొదలగువానిని వెదకవలెను. అందలి లెక్కలను మార్చుట చివరి పని.

ఐనను నేటి యువకులు కొందరు బండి కంప్యూటరులోని పట్టికలను మార్పించి శక్తి పెంచుకొన గోరుచున్నారు. వారికి రెండు మాటలు మనవి చేసెదను. మొదటిది: కంపెనీవారు మిగిల్చిన జాగ్రత్త సందు వ్యర్థముగ విడిచినది కాదు, చెడ్డ పెట్రోలు, మండుటెండ, మితిమీరిన బరువు మూడును ఒకేనాడు వచ్చినను ఇంజను బ్రదుకవలెనని విడిచినది. కన్వర్టరు తీసివేయుటయు, పొగ హద్దులను మీరునట్లు మార్చుటయు చట్టవిరుద్ధములు. రెండవది: డైనో కాగితముమీది సంఖ్యను చూచి మోసపోవలదు. గాలి భేదమును పరిహరించుటకు సవరణ గుణకము ఒకటి వాడుదురు. 25 డిగ్రీల వేడిమిని ప్రమాణముగ గొన్న ఒక సూత్రము ప్రకారము, 40 డిగ్రీల ఎండలో హైదరాబాదున 100 చూపిన యంత్రము కాగితముమీద 110 అచ్చువేయును. ఇది యధర్మము కాదు. కాని ముందు పరీక్ష సవరణ లేకయు, వెనుక పరీక్ష సవరణతోను అచ్చువేసినచో ఏ పనియు చేయకయే పది హార్సు పవరు పెరిగినట్లు కనబడును. కావున రెండు కాగితములును ఒకే యంత్రముమీద, ఒకే గుణకముతో, వీలైన ఒకే దినమున తీసినవిగ నుండవలెను.

ఇంతవరకు చెప్పినదానిని బండి యజమానుల సౌకర్యార్థము కొన్ని ముక్కలలో సంగ్రహించెదను. మైలేజీ తగ్గినదన్న, ముందుగ టైర్లలో గాలి, బ్రేకుల పట్టు, గాలి ఫిల్టరు, ప్లగ్గులు చూపించుకొనుడు. జెట్టు జోలికి తుదకు పోవుడు. ఎవరైన జెట్టు మార్చెదమన్నచో, పాతదాని నంబరును, క్రొత్తదాని నంబరును వ్రాయించి పుచ్చుకొనుడు. ఒక మారు ఒక్కటే మార్పించుడు. పాత కార్బురేటరు బండిలో ఇథనాలు కలిసిన పెట్రోలు పోయుచున్నవారు, బరువుమీద లాగుడు తగ్గినను, ఎగువలో వేడెక్కినను, కార్బురేటరులోనుండి టప్పుమని శబ్దము వచ్చినను పలుచదనమును శంకించి కొలిపించుడు. వంద నంబరునుండి రెండున్నర పెంచినచో రంధ్రపు వైశాల్యము ఐదుపాళ్లు పెరుగును. ఇంత చిన్న మెట్టుననే ఒక వాల్వు బ్రదుకు చావు లున్నవి. మూసిన షెడ్డులో ఎన్నడును ఇంజను నడుపరాదు. రోలర్లమీద బండి నున్నపుడు ఎదుట గాని వెనుక గాని నిలువరాదు.

డైనో యంత్రము అన్ని ఊళ్లలో దొరకదు. దాని కూలియు స్వల్పము కాదు. అట్లని బీదవాని బండికి కొలత అక్కరలేదనుట న్యాయముకాదు. నిజమునకు కొలత ఎక్కువ అవసరమైనది వానికే. ధనవంతుని ఇంజను చెడినచో వేరొక కారు ఎక్కును. వ్యాను నడుపుకొనువాని ఇంజను చెడినచో ఆ పూట పొయ్యి వెలుగదు. లాంబ్డా సెన్సరు చౌకయగుచున్నది. సైలెన్సరులో దానిని దూర్చి, బండిని నిండు బరువుతో ఎగువరోడ్డుమీద జాగ్రత్తగ నడిపి, ప్రక్క కూర్చున్న రెండవ మనిషిచేత అంకె చదివించినచో, రోలర్లు లేని ఊరిలోను కొంత పని జరుగును. మిస్త్రీలు నలుగురైదుగురు కలసి ఒక సెన్సరును ఉమ్మడిగ కొనినచో ఒక్కొక్కరిపై భారము స్వల్పమే. వారి చెవి నేర్పునకు ఈ అంకె శత్రువు కాదు, సాక్షి. వినికిడియు కొలతయు ఏకమైనపుడు పని నిశ్చయముగ చేయవచ్చును. అవి భేదించినపుడు చేయి నిలిపి కారణము వెదకవచ్చును.

పెట్రోలు బంకులో లీటర్లు సరిగా పోసిరా లేదా యని మన మెంత శ్రద్ధగ చూతుమో, ఆ పెట్రోలుతో ఎంత గాలి కలిసినదో యని గూడ అంత శ్రద్ధ వహించుదుము గాక. 102.5 నంబరు జెట్టుతో ఆ వ్యాను నేటికిని తెల్లవారక మునుపే బోయినపల్లి చేరుచున్నది. మైలేజీ మునుపటికంటె కొంచెము తక్కువయే. ఐనను యజమాని దానిని గురించి ఇప్పుడు తగవులాడుట లేదు.